ఆమ్లం చంపిందా, పెడియోసిన్ చంపిందా: తిరుపతి ప్రయోగశాల నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఇదే పనికి పూనుకోబోయే కళాశాల ప్రయోగశాలల కోసం ఈ డైరీని రాస్తున్నాము. అంబలిలో, పెరుగులో సహజంగా బతికే మేలుచేసే బ్యాక్టీరియాలో లిస్టీరియాను చంపే ఒక చిన్న ప్రొటీన్ జన్యువును అమర్చి, ఆ ప్రొటీన్ నిజంగా పనిచేస్తున్నదో లేదో కొలవడమే మా పని. ఏ కొలత ఎందుకు నమ్మదగినది కాలేదో, దాన్ని నమ్మదగినదిగా మార్చడానికి ఏమి చేయవలసి వచ్చిందో వివరించడానికే ఈ డైరీలో ఎక్కువ చోటు ఇచ్చాము.

లిస్టీరియానే ఎంచుకోవడానికి కారణం ఉంది. లిస్టీరియా మోనోసైటోజెనెస్ ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. కనుక ఆహారాన్ని చల్లగా దాచినంత మాత్రాన అది ఆగదు. గర్భిణులకు, నవజాత శిశువులకు, వృద్ధులకు ఇది ప్రాణాంతకం. వ్యాధి తీవ్రమైనవారిలో 20 నుంచి 30 శాతం మంది మరణిస్తారు. 2017–18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే మాంసపు పదార్థం ద్వారా ఇది వెయ్యిమందికి పైగా సోకింది.

దీన్ని చంపే ప్రొటీన్ కొత్తది కాదు. పీడియోకాకస్ జాతి బ్యాక్టీరియా తయారుచేసే పెడియోసిన్ పీఏ-1 అనే 44 అమైనో ఆమ్లాల పెప్టైడ్ లిస్టీరియా కణపొరలో రంధ్రాలు చేసి దాన్ని చంపుతుంది. అయితే దాన్ని పొడిగానో మాత్రగానో మింగితే కడుపులోని పెప్సిన్, ఆ తరువాత ట్రిప్సిన్ దాన్ని ముక్కలు చేస్తాయి. అందువల్ల పేగులో బతికి అక్కడే దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా కావాలి. దీనికి మరో దారి కూడా ఉంది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో అరుణ్ భునియా బృందం వ్యాధి కలిగించని లిస్టీరియా ఇన్నోక్యువా నుంచి ఒక అంటుకునే ప్రొటీన్‌ను తీసుకుని లాక్టోబాసిల్లస్ కేసీ ఉపరితలంపై అమర్చి, రోగక్రిమి పేగు గోడకు అంటుకునే చోటును ముందే ఆక్రమించేలా చేసింది; ఎలుకలలో అది రక్షణ ఇచ్చినట్లు 2020లో ప్రకటించింది. ఆ దారిని అనుసరించాలంటే పేగు కణాలను పెంచే సదుపాయం ఉండాలి. అది మా వద్ద లేదు. చంపే దారిలో అయితే ప్లేటు, పిపెట్టు, ఇంక్యుబేటర్‌లతోనే కొలత సాధ్యమవుతుంది.

మొదటి దశ: అనుమతులు, సూచిక బ్యాక్టీరియా

1. జన్యుమార్పిడి పని ఏదైనా 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నియమాల పరిధిలోకి వస్తుంది. ప్లాస్మిడ్‌ను (జన్యువును మోసుకెళ్లే చిన్న డీఎన్ఏ వలయాన్ని) తెప్పించకముందే సంస్థాగత జీవభద్రతా కమిటీకి ప్రతిపాదన పెట్టండి. చాలా బృందాలు ఇక్కడే తొందరపడి తరువాత ఆగిపోతాయి.
2. వ్యాధికారక లిస్టీరియాను ప్రయోగశాలలోకి అనుమతించలేదు. సూచికగా, అంటే చంపే శక్తిని కొలవడానికి గురిగా, లిస్టీరియా ఇన్నోక్యువాను మాత్రమే వాడాము. అది వ్యాధి కలిగించదు. పెడియోసిన్‌కు లొంగే తీరులో మాత్రం మోనోసైటోజెనెస్‌కు దగ్గరగా ఉంటుంది.
3. వ్యర్థమంతా 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేసిన తరువాతే బయటికి వెళుతుంది. ఆటోక్లేవ్ నిజంగా చంపుతున్నదని వేడిని తట్టుకునే బ్యాక్టీరియా సిద్ధబీజాల పట్టీతో ముందుగా నిర్ధారించుకున్నాము. లోపలి మధ్యభాగంలో పెట్టిన పట్టీ మొదట బతికే ఉండడంతో సంచులను సగానికి మించి నింపకూడదన్న నియమం పెట్టాము.
4. మార్చిన బ్యాక్టీరియాను ఎవరూ తినలేదు, ఏ జంతువుకూ పెట్టలేదు. పెరుగు పరీక్షలన్నీ మూసిన సీసాలలోనే జరిగాయి.

ఇంతవరకు ఖర్చు: ₹18,600. ఇందులో ఎక్కువ భాగం లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాను పెంచే ఎమ్మారెస్ మాధ్యమానికి, లిస్టీరియాను మాత్రమే పెంచే పాల్కామ్ అగార్‌కు అయింది.

రెండవ దశ: ఇంటి బ్యాక్టీరియాలో వెదకడం, వలయాలు మోసగించిన తీరు

జన్యుమార్పిడి అవసరమే లేకుండా మన ఇళ్ల పెరుగులోనే అలాంటి బ్యాక్టీరియా దొరుకుతుందేమో ముందుగా చూడడం న్యాయమనిపించింది. చంద్రగిరి, తిరుచానూరు, పాకాల, పలమనేరు ప్రాంతాల ఇళ్ల నుంచి ఇంటివారి అనుమతితో 24 నమూనాలు సేకరించాము: తోడు పెట్టిన పెరుగు 10, రాగి అంబలి 6, దోసె పిండి 4, సద్దన్నం 4. నమూనాలు ఇచ్చిన పెద్దవాళ్లలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: “మా పెరుగులో ఏమన్నా చెడు ఉండాదా నాయనా?” మేము వెదికేది చెడును కాదని, మేలుచేసే క్రిములనేనని ప్రతి ఇంట్లోనూ వివరించాము. ఆ వివరణ ఇవ్వకుండా నమూనా తీసుకోకూడదన్నది మా అభిప్రాయం.

పద్ధతి ఇది. సూచిక బ్యాక్టీరియాను కలిపిన అగార్‌లో 6 మి.మీ. గుంటలు చేసి, ప్రతి కాలనీని పెంచిన ద్రవంలోంచి కణాలను తీసివేసి, మిగిలిన తేట ద్రవాన్ని 100 మైక్రోలీటర్ల చొప్పున వేశాము. గుంట చుట్టూ పెరుగుదల లేని వలయం ఏర్పడితే ఏదో చంపుతున్నదని అర్థం. 71 లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలలో 44 వలయాలు ఇచ్చాయి. వాటి వ్యాసం 12 నుంచి 15 మి.మీ. ఉంది.

ఇక్కడే ఆగి ఒక నియంత్రణ (పోలిక పరీక్ష) పెట్టవలసి ఉంటుంది. బ్యాక్టీరియా లేని ఎమ్మారెస్ ద్రవాన్ని లాక్టిక్ ఆమ్లంతో పీహెచ్ 3.9కి తెచ్చి అదే గుంటలో వేస్తే 13 మి.మీ. వలయం వచ్చింది. అంటే ఆ 44 వలయాలలో అధికభాగానికి వట్టి పులుపే కారణం కావచ్చు. పులుపు చంపడం మంచిదే, పెరుగు మనల్ని కాపాడే తీరులో అదొక భాగం. కాని పేగులో పీహెచ్ తటస్థానికి దగ్గరగా ఉంటుంది కనుక అక్కడ ఆ పులుపు పనిచేయదు. పేగులో పనిచేసే ఆయుధం కావాలంటే ఆమ్లాన్ని, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తీసివేసిన తరువాత కూడా వలయం నిలవాలి. ఆ వడపోత క్రమం:

1. తేట ద్రవాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.5కి తేవాలి.
2. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ ఎంజైమును మి.లీ.కు 1 మి.గ్రా. చొప్పున కలిపి 37 డిగ్రీల వద్ద ఒక గంట ఉంచాలి.
3. అందులో సగాన్ని వేరుచేసి ప్రొటీన్‌లను ముక్కలు చేసే ప్రొటీనేజ్-కె ఎంజైమును కలపాలి. ఇప్పుడు వలయం మాయమైతే చంపుతున్నది ప్రొటీనే.
4. ఎంజైములను మాత్రమే వేసిన గుంటలు కూడా ప్రతి ప్లేటులోనూ ఉండాలి.

లెక్క ఇలా కుదించుకుపోయింది: ఎంచిన కాలనీలు 96, వాటిలో గ్రామ్ పాజిటివ్ అయి, సొంత కాటలేజ్ లేనివి (అంటే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా) 71, వలయం ఇచ్చినవి 44, తటస్థీకరణ తరువాత మిగిలినవి 5, కాటలేజ్ తరువాత 3, ప్రొటీనేజ్‌తో వలయం పోయినది 1.

ఆ ఒక్కటి ఒక దోసె పిండి నుంచి వచ్చింది. జాతిని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యుక్రమం చూస్తే అది ఎంటరోకాకస్ ఫీసియమ్. ఎంటరోకాకస్‌లు లిస్టీరియాను చంపే బ్యాక్టీరియోసిన్‌లను (పెడియోసిన్ లాంటి ప్రొటీన్‌లను) తయారుచేయడం తెలిసిన సంగతే. అయితే ఆ జాతిలో ఆసుపత్రి అంటువ్యాధులు కలిగించేవి, మందులకు లొంగనివి ఉన్నాయి, పైగా ఆ నిరోధక జన్యువులను అవి పక్క బ్యాక్టీరియాకు అందించగలవు. మనుషుల పేగు కోసం ఉద్దేశించిన పనిలో దాన్ని వాడకూడదని నిర్ణయించి పక్కన పెట్టాము. ఈ నిర్ణయాన్ని మార్చమని కొందరు సలహా ఇచ్చారు. నేను మాత్రం దానికే కట్టుబడి ఉన్నాను.

ఈ దశ పూర్తిగా వృథా కాలేదు. పలమనేరు అంబలి నుంచి వచ్చిన ఒక కాలనీ పైత్యరసాన్ని తట్టుకోవడంలో అన్నిటికన్నా మెరుగ్గా నిలిచింది. రెక్-ఎ జన్యువు ఆధారంగా చేసిన పీసీఆర్‌లో అది లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అని తేలింది. 2020లో జాతులను విడదీయకముందు దీన్నే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనేవారు. ఇకపై దీన్ని ‘అంబలి ప్లాంటారమ్’ అంటాను.

ఇంతవరకు ఖర్చు: ₹27,800.

మూడవ దశ: జన్యువును కూర్చడం

వాహకంగా పీ-సిప్ 411 ప్లాస్మిడ్‌ను ఎంచుకున్నాము. ఇది సాకసిన్-పి అనే మరో బ్యాక్టీరియోసిన్ వ్యవస్థ నుంచి వచ్చింది. 19 అమైనో ఆమ్లాల ప్రేరక పెప్టైడ్‌ను ద్రవంలో కలిపినప్పుడే జన్యువు పనిచేయడం మొదలుపెడుతుంది. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు నిరోధకత దీని గుర్తు: ఆ మందులో బతికిన కణంలో ప్లాస్మిడ్ ఉన్నట్లు. ముందుగా అంబలి ప్లాంటారమ్ ఎరిత్రోమైసిన్‌కు లొంగుతుందని పరీక్షించాము. ఆ పరీక్ష లేకుండా ముందుకు పోతే తరువాత వచ్చే కాలనీలకు అర్థం ఉండదు.

మూడు కూర్పులను తయారుచేశాము.

1. పీ-1: పెడియోసిన్ పరిపక్వ భాగం మాత్రమే. దాని సొంత 18 అమైనో ఆమ్లాల ముందు తోకకు బదులుగా లాక్టోకాకస్ నుంచి తెలిసిన యూఎస్‌పీ-45 అనే 27 అమైనో ఆమ్లాల సంకేతాన్ని పెట్టాము. దీనివల్ల ప్రొటీన్ బ్యాక్టీరియా సాధారణ ఎగుమతి మార్గంలోనే బయటికి వస్తుంది, ప్రత్యేక రవాణా జన్యువు అవసరం ఉండదు.
2. పీ-2: దానికి పెడ్-బి జన్యువును చేర్చాము. తన ఆయుధం తనకే తగలకుండా తయారీదారును కాపాడేది ఇదే.
3. పీ-3: పెడ్-బితో పాటు పెడ్-సి కూడా. పెడియోసిన్‌లో రెండు డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి. అవి సరిగా కుదరడానికి పెడ్-సి తోడ్పడుతుంది.

ప్లాస్మిడ్‌ను ముందుగా పెంచుకునే ఎషెరిషియా కోలీ (ఇకపై ‘ఈ కోలీ’) బ్యాక్టీరియాలో మొదటి క్లోన్‌లు సులువుగా వచ్చాయి, పరిమాణం కూడా జెల్‌లో సరిగానే కనిపించింది. కాని క్రమం చదివిస్తే పీ-1 క్లోన్‌లలో చాలావాటికి సంకేత భాగంలో ఒక డీఎన్ఏ అక్షరం తప్పిపోయి ఉంది. ప్రేరకం లేకపోయినా ఈ కోలీలో ఈ ప్రమోటర్ (జన్యువును పనిచేయించే డీఎన్ఏ భాగం) కొంత కారుతుంది, అంటే జన్యువు కొద్దిగా పనిచేస్తూనే ఉంటుంది. బయటికి వెళ్లలేని సంకేత ప్రొటీన్ కణానికి భారమై, ఆ జన్యువు చెడిపోయిన కణాలే వేగంగా పెరిగి పెద్ద కాలనీలుగా కనిపించాయి. పరిష్కారంగా చేసిన మార్పులు ఇవి: 37 డిగ్రీలకు బదులు 30 డిగ్రీల వద్ద పెంచాము, పెద్ద కాలనీలను వదిలి, ఆలస్యంగా కనిపించిన చిన్న కాలనీలనే ఎంచాము, ప్రతి క్లోన్ క్రమాన్నీ మొదటి నుంచి చివరి వరకు చదివించాము. జెల్‌లో పరిమాణం సరిపోయింది కదా అని క్రమం చదివించకుండా ముందుకు పోవద్దు.

ఎరిత్రోమైసిన్ మోతాదు గురించి ఒక మాట. ఈ కోలీ బయటి పొర ఈ మందును సహజంగానే చాలావరకు అడ్డుకుంటుంది కనుక అక్కడ మి.లీ.కు 200 మైక్రోగ్రాములు వాడాలి. ప్లాంటారమ్‌కు 5 నుంచి 10 మైక్రోగ్రాములు చాలు. ఒకే సీసా నుంచి రెండింటికీ ప్లేట్లు పోసేవారు ఈ తేడాను సీసా మీదే రాసిపెట్టుకోవాలి.

ఇంతవరకు ఖర్చు: ₹74,300. జన్యు సంశ్లేషణ, ప్లాస్మిడ్ తెప్పించడం ఇందులో పెద్ద పద్దులు.

నాలుగవ దశ: ప్లాస్మిడ్‌ను విద్యుత్ పోటుతో ప్లాంటారమ్ లోపలికి పంపడం

అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకున్నది ఇదే. ప్లాంటారమ్ గోడ మందంగా ఉంటుంది. దాన్ని పలుచన చేయడానికి 1 శాతం గ్లైసిన్, 0.5 మోలార్ చక్కెర కలిపిన ఎమ్మారెస్‌లో పెంచి, ఓడీ (కణాల సాంద్రతను చూపే మసకదనం) 0.6 వద్ద మంచులో పెట్టి, కడిగి, 30 శాతం పీఈజీ-1500లో కలుపుతాము. 2 మి.మీ. క్యువెట్‌లో 1.5 కిలోవోల్టులు, 25 మైక్రోఫారడ్, 400 ఓమ్ అమరిక. ఈ విలువల ప్రకారం గరిష్ఠ కాలస్థిరాంకం (పోటు ఎంతసేపు నిలిచిందో చెప్పే కొలత) 10 మిల్లీసెకన్లు; 8 దాటితే పోటు బాగా అందినట్లు.

మాకు వచ్చినవి 2, 3 మిల్లీసెకన్లు, చాలాసార్లు క్యువెట్‌లో టప్‌మని నిప్పురవ్వ. రవ్వ వచ్చిందంటే ద్రవంలో లవణాలు మిగిలి ఉన్నట్లే, కణాలన్నీ చచ్చినట్లే. కడిగే నీళ్లను మార్చి చూశాము, ఫలితం లేదు. చివరికి నీటిలో కరిగిన లవణాలను చూపే మామూలు టీడీఎస్ మీటర్‌తో ప్రతి మెట్టులోనూ కొలిస్తే కారణం బయటపడింది: డిస్టిల్డ్ వాటర్‌లో 3 చూపిన మీటరు, అదే నీళ్లను మా గాజు సీసాలో పోసి కుదిపితే 60 దాటింది. సీసాలను కడుగుతున్నది బోరు నీళ్లతో. ఇక్కడి బోరు నీటి కాఠిన్యం ఎలాంటిదో ఇంట్లో గీజరు కడ్డీని చూసిన ఎవరికైనా తెలుసు. ఎండిన సీసా గోడలకు ఆ లవణాలే పట్టి ఉన్నాయి.

మార్చినవి:

1. ఈ పనికి వాడే సీసాలను వేరుచేసి, చివరగా మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం.
2. కణాలను 10 శాతం గ్లిసరాల్‌తో కడిగిన ప్రతిసారీ పైనున్న తేటను మీటర్‌తో చూసి, 20 కన్నా తగ్గేదాకా మళ్లీ కడగడం.
3. చక్కెర ద్రావణాన్ని ఆటోక్లేవ్ చేయకుండా 0.22 మైక్రాన్ వడపోతతో శుద్ధిచేయడం; వేడికి అది రంగు మారి కణాలకు హాని చేస్తుంది.
4. పోటు తరువాత వెంటనే 0.5 మోలార్ చక్కెర, 0.1 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ ఉన్న ఎమ్మారెస్‌లో మూడు గంటలు తేరుకోనివ్వడం.

కాలస్థిరాంకం 8.6కి చేరింది. ప్రామాణిక జాతి అయిన ప్లాంటారమ్ డబ్ల్యూసీఎఫ్ఎస్-1లో కాలనీలు వచ్చాయి. అంబలి ప్లాంటారమ్‌లో మాత్రం ఒక్కటీ రాలేదు. కణాలు బతికే ఉన్నాయని మందులేని ప్లేటు చూపింది, పోటు సరిగా అందిందని కాలస్థిరాంకం చూపింది. ఇక మిగిలిన అవకాశం ఒక్కటే: పరాయి డీఎన్ఏను గుర్తుపట్టి నరికే వ్యవస్థ. మామూలు ఈ కోలీ తన డీఎన్ఏపై మిథైల్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తులున్న డీఎన్ఏను కొన్ని ప్లాంటారమ్‌లు అంగీకరించవు. అందువల్ల ఆ గుర్తులు వేయలేని డామ్, డిసిఎమ్ అనే ఎంజైములు లోపించిన ఈ కోలీలో ప్లాస్మిడ్‌ను పెంచి మళ్లీ పంపాము. ప్లేటుకు 9 నుంచి 14 కాలనీలు వచ్చాయి. అవన్నీ నిజమైనవేనని పీసీఆర్‌తో, మళ్లీ క్రమం చదివించి నిర్ధారించాము.

కరెంటు పోయినప్పుడు ఇంక్యుబేటర్ ఎంత చల్లబడుతుందో, వేసవిలో ఎంత వేడెక్కుతుందో తెలుసుకోవడానికి లోపల ఒక నమోదు చేసే థర్మామీటరు పెట్టుకోవడం మంచిది. గది 40 డిగ్రీలు దాటే మే నెలలో 30 డిగ్రీల ఇంక్యుబేటర్ అంటే పేరుకు ఇంక్యుబేటరే తప్ప చల్లబరిచే యంత్రం లేనిదే ఆ ఉష్ణోగ్రత నిలవదు.

ఇంతవరకు ఖర్చు: ₹92,200.

ఐదవ దశ: కొలత

తటస్థీకరించి, కాటలేజ్ కలిపిన తేట ద్రవాన్ని రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ 10 మైక్రోలీటర్ల చుక్కలుగా సూచిక ప్లేటుపై వేశాము. వలయం కనిపించిన చివరి పలుచన నుంచి మి.లీ.కు ఎన్ని క్రియాశీల యూనిట్లో లెక్కకడతాము. పదహారో వంతు పలుచన వరకు కనిపిస్తే 1,600 యూనిట్లు (మి.లీ.లో 100 చుక్కలు కనుక 16 × 100).

డబ్ల్యూసీఎఫ్ఎస్-1లో, ప్రేరకం మి.లీ.కు 50 నానోగ్రాములు కలిపి 6 గంటల తరువాత:

మార్చని మూల బ్యాక్టీరియా: 0.
ఖాళీ ప్లాస్మిడ్: 0.
పీ-1: 400.
పీ-2: 800.
పీ-3: 6,400.
పోలిక కోసం సహజ పీడియోకాకస్: 12,800.

పీ-1లో ప్రేరకం వేసిన తరువాత బ్యాక్టీరియా పెరుగుదలే మందగించింది. పెడ్-బి చేర్చగానే ఆ లోపం పోయింది, అయినా యూనిట్లు అంతగా పెరగలేదు. ప్రొటీన్ బయటికి వస్తున్నదా అని జెల్‌లో చూస్తే 4.6 కిలోడాల్టన్‌ల దగ్గర పట్టీ పీ-2లోనూ పీ-3లోనూ దాదాపు ఒకే మందంలో ఉంది. అంటే లోపం పరిమాణంలో లేదు, నాణ్యతలో ఉంది. పీ-3 ద్రవానికి డైసల్ఫైడ్ బంధాలను తెంచే డీటీటీ కలిపితే చంపే శక్తి దాదాపుగా పోయింది. బంధాలు కుదరని పెడియోసిన్ ఎంత ఉన్నా లాభం లేదని, పెడ్-సి చేర్చడంవల్ల వచ్చిన ఎనిమిది రెట్ల తేడాకు అదే కారణమని మా నిర్ణయం. ప్రొటీన్ మొత్తాన్ని మాత్రమే కొలిచి ఉంటే ఇది తెలిసేది కాదు.

అంబలి ప్లాంటారమ్‌లో పీ-3 ఇచ్చినవి 3,200 యూనిట్లు. ప్రామాణిక జాతిలో సగమే అయినా, పైత్యరసాన్ని తట్టుకునే గుణం కోసం ఇకపై దీనితోనే కొనసాగాము.

ఒక జాగ్రత్త: ఈ ద్రవాలను 4 డిగ్రీల వద్ద మూత వదులుగా ఉంచితే వారంలో యూనిట్లు సగానికి పడిపోయాయి. పెడియోసిన్‌లోని మెథియోనిన్ ఆక్సీకరణ చెందితే దాని శక్తి పోతుందన్నది తెలిసిన విషయమే. నిండుగా నింపి, బిగించి, గడ్డకట్టించి దాచిన నమూనాలలో ఆ నష్టం కనిపించలేదు.

ఇంతవరకు ఖర్చు: ₹1,14,500. ప్రేరక పెప్టైడ్ సంశ్లేషణే ఇందులో ముఖ్యం.

ఆరవ దశ: పాలలో, పెరుగులో

ప్లేటు మీద పనిచేసింది పెరుగులో పనిచేయకపోవచ్చు. ప్లాంటారమ్‌కు పాలు అంత అనుకూలమైన ఆహారం కాదు. ఒంటరిగా వేస్తే పాలు తోడుకోవడానికి రోజుకు పైగా పట్టింది. కాబట్టి ఇంటి తోడుతో కలిపి వేశాము. మరిగించి చల్లార్చిన పాలలో సూచిక లిస్టీరియాను మి.లీ.కు లాగ్ 4.1 (దాదాపు 12,600 కణాలు; లాగ్‌లో ఒక్కో అంకె పది రెట్లు) ఉండేలా కలిపి, 37 డిగ్రీల వద్ద ఉంచి, పాల్కామ్ ప్లేట్లపై లెక్కించాము. 24 గంటల తరువాత:

1. పాలు మాత్రమే: లాగ్ 8.2.
2. పాలు, తోడు: లాగ్ 3.6. పీహెచ్ 4.4.
3. పాలు, తోడు, మార్చని అంబలి ప్లాంటారమ్: లాగ్ 3.4.
4. పాలు, తోడు, పీ-3 ఉన్న అంబలి ప్లాంటారమ్, ప్రేరకం: లాగ్ 1.5.

మన ఇంటి తోడు ఒక్కటే లిస్టీరియాను 8.2 నుంచి 3.6కి ఆపింది, ఇది చిన్న విషయం కాదు. జన్యువు చేసిన అదనపు మేలు రెండవ, నాలుగవ వరుసల మధ్య తేడా కాదు, మూడవ, నాలుగవ వరుసల మధ్య తేడా. అది 1.9 లాగ్, అంటే దాదాపు ఎనభై రెట్లు. మార్చని మూల బ్యాక్టీరియాను పక్కన పెట్టకుండా ఇచ్చే ఏ అంకెనూ నమ్మకూడదు.

పైవన్నీ 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాలతో చేసినవి. 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ పాలతో అదే పరీక్ష చేస్తే నాలుగవ వరుస లాగ్ 2.3 దగ్గర ఆగింది. పెడియోసిన్ కొవ్వుకు అంటుకునే స్వభావం ఉన్నది. వెన్న బిందువులకు పట్టిన భాగం లిస్టీరియాను చేరదు. మా ప్రాంతపు ఇళ్లలో తోడు పెట్టేది చాలావరకు చిక్కటి పాలనే. కాబట్టి ఇకపై అన్ని పరీక్షలూ రెండు రకాల పాలతోనూ చేస్తున్నాము.

అన్నిటికన్నా ఆలోచింపజేసిన ఫలితం 48 గంటల వద్ద కనిపించింది. నాలుగవ సీసాలో లాగ్ 1.5 ఉన్నది 2.4కి పెరిగింది. ఆ బతికిన కాలనీలలో 20 తీసి పెడియోసిన్‌తో మళ్లీ పరీక్షిస్తే 7 లొంగలేదు. పెడియోసిన్ లిస్టీరియా కణపొరలోని మానోజ్ (ఒక చక్కెర) రవాణా ప్రొటీన్‌ను పట్టుకుని పనిచేస్తుంది. ఆ ప్రొటీన్ తగ్గిన లేదా మారిన కణాలు తప్పించుకుంటాయి. అలాంటి కణాలు ముందునుంచే అరుదుగా ఉంటాయి, మిగతావి చచ్చాక అవే పెరుగుతాయి. మిగిలిన 13 కాలనీలు లొంగేవే, అంటే అవి కేవలం పెడియోసిన్ చేరని చోట దాక్కున్నవి. ఒకే ఆయుధం చాలదని, వేరే గ్రాహకంపై (కణపొరలో పట్టుకునే చోటుపై) పనిచేసే రెండవ పెప్టైడ్ కావాలని దీనివల్ల తేలింది. ఈ సంగతిని దాచి 24 గంటల అంకెను మాత్రమే చూపిస్తే చూడడానికి బాగుంటుంది, కాని అది చదివేవారికి అన్యాయం.

కడుపును పోలిన పరీక్ష కూడా చేశాము: పీహెచ్ 3 వద్ద పెప్సిన్‌తో 2 గంటలు, ఆపై 0.3 శాతం పైత్య లవణాలతో 4 గంటలు. అంబలి ప్లాంటారమ్ లాగ్ 9.0 నుంచి 7.3కి తగ్గింది. ద్రవంలోని పెడియోసిన్ పూర్తిగా నాశనమైంది. బతికిన కణాలను తాజా మాధ్యమంలో ప్రేరకంతో వేస్తే మళ్లీ 3,200 యూనిట్లకు చేరాయి. ప్రాణమున్న తయారీదారు ఎందుకు కావాలన్న మొదటి ప్రశ్నకు ఇది మా చేతిలోని సాక్ష్యం.

ఇంతవరకు ఖర్చు: ₹1,25,500.

ఏడవ దశ: గుర్తునూ ప్రేరకాన్నీ తొలగించడం (జరుగుతున్నది)

ఇప్పుడున్న రూపంలో ఈ బ్యాక్టీరియా ఆహారానికి పనికిరాదు. కారణాలు మూడు. మొదటిది, ఎరిత్రోమైసిన్ నిరోధక జన్యువును మనుషుల పేగులోకి పంపడం తప్పు. అక్కడ అది వేరే బ్యాక్టీరియాకు చేరవచ్చు. రెండవది, మందు లేకుండా సుమారు 30 తరాలు పెంచి 100 కాలనీలను పరీక్షిస్తే 58 మాత్రమే ప్లాస్మిడ్‌ను నిలుపుకున్నాయి. మూడవది, పేగులో ప్రేరక పెప్టైడ్‌ను ఎవరూ పోయరు.

ప్రేరకం అవసరం లేకుండా ఎల్లప్పుడూ పనిచేసే పీ-11 అనే కృత్రిమ ప్రమోటర్‌తో పీ-4ను కూర్చాము. యూనిట్లు 1,600కు తగ్గినా, ప్రేరకం లేకుండా వచ్చినవి కనుక ఆ తగ్గుదలను అంగీకరించాము.

గుర్తు కోసం ఎంచుకున్న దారి అలానిన్ రేసిమేజ్. కణగోడకు కావలసిన డి-అలానిన్‌ను తయారుచేసే ఏ-ఎల్-ఆర్ జన్యువును బ్యాక్టీరియా సొంత క్రోమోజోము నుంచి తీసివేసి, దాన్ని ప్లాస్మిడ్‌పై పెడితే, ప్లాస్మిడ్‌ను పోగొట్టుకున్న కణం గోడ కట్టుకోలేక చనిపోతుంది. మందు అక్కరలేదు. పైగా డి-అలానిన్ దొరకని చోట ప్లాస్మిడ్ లేని కణాలు మిగలవు.

ప్రస్తుత స్థితి:

1. ఏ-ఎల్-ఆర్‌కు ఇరువైపులా ఉన్న వెయ్యేసి డీఎన్ఏ అక్షరాల భాగాలు కూర్చడం పూర్తయింది.
2. మొదటి పునఃసంయోగం, అంటే క్రోమోజోములో ప్లాస్మిడ్ చేరడం, డబ్ల్యూసీఎఫ్ఎస్-1లో జరిగింది. రెండు వైపుల పీసీఆర్‌లూ సరిపోయాయి.
3. రెండవ పునఃసంయోగం, అంటే ప్లాస్మిడ్ ఆ జన్యువుతో సహా క్రోమోజోము నుంచి విడిపోవడం, కోసం మి.లీ.కు 200 మైక్రోగ్రాముల డి-అలానిన్ ఉన్న ప్లేట్లపై వెదుకుతున్నాము. ఇప్పటిదాకా చూసిన 400 కాలనీలలో జన్యువు తొలగినది లేదు. పాత రూపానికి తిరిగి వెళ్లినవే కనిపించాయి. జన్యువు ఉన్న కణాలు వేగంగా పెరుగుతాయి కనుక, ద్రవంలో పెంచే కాలాన్ని తగ్గించి, డి-అలానిన్ మోతాదును రెట్టింపు చేసి చూస్తున్నాము.
4. అంబలి ప్లాంటారమ్‌లో మొదటి పునఃసంయోగానికి మిథైల్ గుర్తులు లేని డీఎన్ఏ సిద్ధంగా ఉంది.